నాయన ఇచ్చిన స్టీలు బాన

కొండమ్మా వాళ్ళూ పనిలోకి వచ్చేలోగా బాన తోమడం అయిపోవాలి. పొద్దున లేచింది మొదలు పూర్ణిమకు అదొక్కటే ధ్యాస.

హిందూపురం మార్కెట్ యార్డు వెనక వీధిలో వాళ్ళ ఇల్లు. ఇంటికి ఆనుకుని రేకుల షెడ్డు. ఆ షెడ్డులో ఆమె నడుం దాకా బానలోకి వంగి, కొబ్బరి పీచుతో రుద్దుతోంది. రెండు పొరల స్టీలు బాన అది. పొరల మధ్యకి బాయిలరు నుంచి ఆవిరి వస్తుంది. లోపల పోసిన చింతపండు రసం ఉప్పుతో కలిసి, అడుగంటకుండా ఉడికి ఉడికి గుజ్జవుతుంది. ఆ గుజ్జు డబ్బాలకెక్కి బెంగళూరు హోటళ్ళకు పోతుంది.

వెల్డింగు గీత పొడుగునా మచ్చలు. ఆవగింజలు చల్లినట్టు, గోధుమ రంగులో. నిన్న తోమితే పోయినవే, ఇవాళ మళ్ళీ తేలాయి. ఒకదాని మీద గోరు పెట్టి చూసింది. గోరు కొస సన్నటి గుంటలోకి దిగింది. మొదట్లో ఈ గుంటలు లేవు.

"కాఫీ చల్లారిపోతాండాది పూర్ణిమా," వంటింటి గుమ్మంలో నిలబడి అత్తగారు రాజేశ్వరమ్మ పిలిచింది.

"వస్తాండా అత్తా."

"రోజూ నువ్వే తోమాల్నా? కొండమ్మ తోమదా?"

"ఆమెకు సరిగ్గా రాదులే."

రాజేశ్వరమ్మ కోడలి వంకా బాన వంకా ఒకసారి చూసి లోపలికి వెళ్ళిపోయింది. పూర్ణిమ నడుం పట్టుకుని నిటారుగా నిలబడింది. ఈ మధ్య రాత్రి పడుకున్నా విశ్రాంతి అనిపించడం లేదు. కళ్ళు మూసుకుంటే మచ్చలే కనపడుతున్నాయి.

భర్త ప్రసాద్ వాళ్ళది తాతల నాటి చింతపండు మండీ. మండీ వ్యాపారం చిక్కిపోతున్న రోజుల్లో పెరట్లో పొయ్యి పెట్టి, గుజ్జు చేసి అమ్మడం మొదలుపెట్టింది పూర్ణిమే. రెండేళ్ళు తిరిగేసరికి గుండిగలు చాలక పెద్ద బాన కావాల్సి వచ్చింది. ఎవరో చెబితే ప్రసాద్ పెనుకొండలో ఆశీర్వాదం అనే ఆయన షెడ్డుకు వెళ్ళాడు. డెయిరీలకూ జామ్ ఫ్యాక్టరీలకూ బెంగళూరులో చాలాకాలం సామాను చేసి, సొంత ఊరికి వచ్చి స్థిరపడినవాడు ఆశీర్వాదం. బాన ఎంత పెద్దదని అడగలేదాయన. లోపల ఏం ఉడుకుతుంది, ఉప్పెంత, పులుపెంత, ఎంతసేపు అని అడిగాడు. స్టీలంతా ఒకటి కాదనీ, ఉప్పూ పులుపూ వేడీ మూడూ కలిసే చోట మామూలుగా వాడే మూడు వందల నాలుగు రకం కూడా ఒక్కోసారి నిలవదనీ, మూడు వందల పదహారు అనే రకం అయితే నిశ్చింతగా ఉండొచ్చనీ చెప్పాడు. ధర మాత్రం బాగా ఎక్కువ.

ఆ కబురు ధర్మవరంలో పూర్ణిమ తండ్రి ముత్యాలప్ప చెవిన పడింది. ఆయనకు అక్కడ స్టీలు సామాన్ల అంగడి. చుట్టుపక్కల ఏ ఇంట్లో పెళ్ళయినా బిందెలూ గుండిగలూ ఆయన అంగడి నుంచే.

"నా అల్లుడు స్టీలు గురించి తెలుసుకునేకి ఇంకొకరి గడప తొక్కినాడా?" అని ఫోన్లో చిన్నపిల్లాడిలా అలిగాడు. ఆ తర్వాత తనే పూనుకున్నాడు. ఎన్నో ఏళ్ళుగా సరుకు కొంటున్న డీలరు దగ్గర షీటు తీసుకుని, తెలిసిన వెల్డరుతో చేయించి, పసుపు కుంకుమలు పెట్టించి, బానను వ్యాన్లో తెచ్చి దించాడు. అందరి ముందూ జేబులోంచి అయస్కాంతం తీసి బాన మీద పెట్టాడు. అది జారి కింద పడింది.

"చూసినారా? అయస్కాంతం పట్టలేదంటే సిసలైన స్టీలు అని లెక్క. మన అంగట్లో ఇదే పరీక్ష," అని నవ్వాడు. పైసా తీసుకోలేదు. "నా బిడ్డకు నేనిచ్చుకునేది. మధ్యలో మీరెవరు?" అన్నాడు.

అమ్మ పోయిన తర్వాత నాయన అంత తెరిపిగా నవ్వడం పూర్ణిమ ఆ రోజే చూసింది. అందుకే మొదటి మచ్చ కనపడినప్పుడు ఎవరికీ చెప్పలేదు. రుద్దింది. పోయింది. మర్నాడు మళ్ళీ రుద్దింది.

కాఫీ తాగి గ్లాసు కింద పెడుతుండగా వీధిలో ఆటో ఆగింది. బెంగళూరు వెళ్ళిన ప్రసాద్ తిరిగొచ్చాడు. ఆటో వెనక గుజ్జు డబ్బాలు. పంపినవి పంపినట్టే ఉన్నాయి.

"ఏమైంది?" పూర్ణిమ ఎదురు వెళ్ళింది.

ప్రసాద్ ఒక డబ్బా మూత తీసి ఆమె ముందు పెట్టాడు. ఎర్రగా నిగనిగలాడాల్సిన గుజ్జు నల్లగా తిరిగి ఉంది. వాసన చూస్తే తుప్పు కంపు.

"హోటలు ఓనరు గుజ్జు సూపించి, నోట్లో పెట్టుకో అన్నాడు. పెట్టుకున్యా. ఇనుప గరిటె నాకినట్ల ఉండాది. 'ఇది మా హోటలుకొచ్చే జనానికి పెట్టమంటావా?' అంటే ఏం చెప్పాల? తలకాయ యాడ పెట్టుకోవాల?"

పూర్ణిమ గోడకు చేరబడింది. ఎవరెవరో ముక్కూ మొహం తెలియని మనుషులు, పొద్దున్నే ఇడ్లీలోకి సాంబారు పోసుకునేవాళ్ళు, ఆమె కళ్ళ ముందు మెదిలారు. ఇన్నాళ్ళూ ఆమె తోమింది నాయన పరువు కోసమే. ఆ మచ్చల్లోంచి వదిలిందంతా ఎక్కడికి పోతోందో ఒక్కసారైనా ఆలోచించలేదు.

ప్రసాద్ అప్పటికే షెడ్డులోకి నడిచాడు. బానలోకి టార్చి వేసి చూశాడు. ఇంకా తోమని పక్క మచ్చలన్నీ బయటపడ్డాయి.

"ఇదీ సంగతి! నేను పెనుకొండలో చేయిస్తానంటే మీ నాయన వింటేనా? ఎప్పట్నుంచి ఉండాది ఇది?"

"మొన్న ఒకరోజు... గుజ్జు దించకుండా బానలోనే వదిలేసినా. రాత్రంతా అట్లే ఉండిపోయింది. కడగలేదు. దానివల్లనే," అంది పూర్ణిమ.

గింజలు తీయడానికి అప్పుడే వచ్చి చాప పరుచుకుంటున్న కొండమ్మ, చటుక్కున తలెత్తి చూసింది. అలాంటి రాత్రి ఏదీ లేదని ఆమెకు తెలుసు. పూర్ణిమ ఆమె వైపు చూడకుండా ముఖం తిప్పుకుంది.

"ఒక్క రాత్రికి గుంటలు పడతాయా? మీ నాయన్నే పిలిపిస్తా. ఆయనే వచ్చి చెప్పనీ," అంటూ ప్రసాద్ ఫోను దగ్గరికి వెళ్ళాడు.

మధ్యాహ్నం ప్యాసింజరుకు ముత్యాలప్ప దిగాడు. తెల్ల చొక్కా చెమటకు తడిసిపోయింది. కూతురు ఇచ్చిన మంచినీళ్ళు కూడా తాగకుండా నేరుగా షెడ్డులోకి పోయి, బానలోకి తొంగి చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఇది స్టీలు తప్పు కాదు," అన్నాడు చివరికి. "వాడకం తప్పు. స్టీలుకు తుప్పు పట్టదప్పా. నేను పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచి ఇదే యాపారం."

"పట్టింది గదా మామా, కంటి ముందరే. అయస్కాంతం పెట్టి సూపిస్తిరి. అది సరిపోతుందా?"

"మరేం సరిపోతుందప్పా? నాకు పాఠం చెప్తాండావా?"

"పాఠం కాదు. మీరు అమ్మేది నీళ్ళు తాగే చెంబులు, అన్నం తినే కంచాలు. ఇది ఫ్యాక్టరీ బాన. తెలీదంటే తెలీదని ఊకుండాల్సింది. మీరు ఉదారంగా ఇచ్చి మా నోట్లో మన్ను కొడ్తిరి."

షెడ్డులో గింజలు తీసే చప్పుడు ఆగిపోయింది. ముత్యాలప్ప ముఖం నల్లబడింది. ఇంకొక్క మాటైతే ఆయన గుమ్మం దాటి వెళ్ళిపోతాడు, మళ్ళీ ఈ ఇంటికి రాడు. పూర్ణిమకు ఆ సంగతి తెలుసు.

"ఆయన్నేమీ అనద్దు," అంటూ మధ్యలోకి వచ్చింది. "నాయనా, తప్పు నాదే. కడక్కుండా వదిలేసినా. బాన మంచిదే."

ముత్యాలప్పకు ఊపిరి అందినట్టయింది. మునిగిపోయేవాడికి ఆ మాట దొరికింది. దాన్నే గట్టిగా పట్టుకున్నాడు.

"చూడప్పా! నేను చెప్పలా? ఏం పాపా, ఇంత ఒళ్ళు తెలీకుండా ఉంటావా నువ్వు? నేను ఏరి ఏరి తెచ్చిచ్చిన సామాను. ఉప్పూ పులుపూ వేసి రాత్రంతా వదిలేస్తే అది మాత్రం ఏం చేస్తుంది? మీ అమ్మ ఉంటే ఇట్లాంటి పని చేసేదా? బద్ధకం! నలుగురిలో నా తల తీసేస్తివి గదే!"

పూర్ణిమ తల వంచుకుని నిలబడింది. కళ్ళల్లో నీళ్ళు రాలేదు. ఏడవడానికి కూడా ఓపిక ఉండాలి. ఆయన కోపం తీరేదాకా నిలబడితే చాలు, తర్వాత ఎక్కడైనా కూర్చోవచ్చు అనుకుంటోంది.

"అన్నా, ఇంక చాల్లే."

గుమ్మంలోంచి వచ్చింది ఆ మాట. రాజేశ్వరమ్మ నెమ్మదిగా మెట్లు దిగి షెడ్డులోకి వచ్చింది. కోడలి కుడిచెయ్యి పట్టుకుని, వియ్యంకుడి ముందుకు చాచి చూపింది. వేళ్ళ సందులు ఒరుసుకుపోయి, ఎర్రగా పచ్చిపచ్చిగా ఉన్నాయి. అరచెయ్యి పొలుసులు లేచింది.

"బద్ధకం అంటాండావే, ఇది బద్ధకస్తురాలి చెయ్యా? ఈ పిల్ల తెల్లారకముందే లేచి నీ బాన తోముతాది. రోజూ. యాలనో నాకూ చెప్పలా. నేను అడిగితే కొండమ్మకు చేత కాదంటాది. మేము యాడ చూసి నిన్ను ఒక మాట అంటామో అని దాని భయం. కడగని రోజు ఒక్కటీ లేదన్నా. నేను కళ్ళారా చూస్తినే."

ముత్యాలప్ప కూతురి చేతిని చూశాడు. ముఖంలోకి మాత్రం చూడలేకపోయాడు. భుజం మీది టవల్ తీసి ముఖం తుడుచుకుని, చెప్పులు వేసుకుని వీధిలోకి వెళ్ళిపోయాడు. "నాయనా, అన్నం తినిపో," అని పూర్ణిమ వెనకే పరుగెత్తింది. ఆయన వెనుదిరగలేదు.

ఆ సాయంత్రం ప్రసాద్ ఆమె పక్కన వచ్చి కూర్చున్నాడు. "నాకు ముందే చెప్పింటే..." అని మొదలుపెట్టి ఆపేశాడు. చెబితే ఏమయ్యేదో ఇద్దరికీ తెలుసు. మిగిలిన డబ్బాలున్న హోటళ్ళన్నిటికీ తనే ఫోన్లు చేసి, సరుకు వాడొద్దని, వెనక్కి తీసుకుంటామని చెప్పాడు. బాయిలరు ఆర్పేశారు. కొండమ్మా వాళ్ళకు గింజలు తీసే పని మాత్రం మిగిలింది. ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు.

నాలుగైదు రోజుల తర్వాత ధర్మవరం నుంచి ఫోను వచ్చింది.

"రేపు పెనుకొండకు రా పాపా. నేనూ వస్తా," అన్నాడు ముత్యాలప్ప. అంతే. పెట్టేశాడు.

పెనుకొండ స్టేషన్లో ఆమె దిగేసరికి ఆయన బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో గుడ్డసంచి. గడ్డం గీసుకోలేదు. ఈ కొద్ది రోజుల్లోనే నలిగిపోయినట్టున్నాడు. "తిన్నావా?" అని మాత్రం అడిగి, ఆటో పిలిచాడు.

ఆశీర్వాదం షెడ్డులో ఏదో వెల్డింగు నడుస్తోంది. ఆయన పని ఆపి, ఇద్దరికీ కుర్చీలు వేసి, టీ తెప్పించాడు. ముత్యాలప్ప సంచిలోంచి రెండు వస్తువులు తీశాడు. ఒకటి బాన చేసినప్పుడు మిగిలిన షీటు ముక్క. రెండోది తన అంగట్లో ఎన్నాళ్ళుగానో ఉన్న పాత పళ్ళెం.

"అయస్కాంతం రెండింటికీ పట్టదు," అన్నాడు. "దీనికి తుప్పొచ్చింది, దానికి రాలేదు. యాలనో నాకు తెలియాల."

ఆశీర్వాదం స్టీలు రకం తేల్చే మందున్న చిన్న సీసా తెచ్చి ఆయన చేతికే ఇచ్చాడు. "మీరే వెయ్యండన్నా, ఒక్కో చుక్క."

ముత్యాలప్ప రెండింటి మీదా చుక్కలు వేశాడు. పళ్ళెం మీద పడ్డ చుక్క రంగు మారలేదు. షీటు ముక్క మీద పడ్డ చుక్క చూస్తుండగానే ఎర్రబడింది. ఆయన ఇంకో చోట వేశాడు. అదీ ఎర్రబడింది. మూత పెట్టి సీసా పక్కన పెట్టేశాడు.

"ఎర్రబడిందంటే తక్కువ రకం అని లెక్క. స్టీల్లో కలిపే నికెల్ ధర పెరిగినప్పట్నుంచి ఇట్లాంటి షీటు శానా వస్తాండాదన్నా," అన్నాడు ఆశీర్వాదం. "నికెల్ తగ్గించి మాంగనీసు ఎక్కువ పోస్తారు. చూసేకి అదే మెరుపు. అయస్కాంతమూ పట్టదు. నీళ్ళ బిందెకైతే ఏం కాదు. ఉప్పుతో చింతపండు ఉడికిస్తే మాత్రం నిలవదు. డీలరు మంచి రకం పేరు చెప్పి ఇచ్చేసింటాడు. మీరు ఆయన్ను నమ్మినారు."

"నమ్మినా," అన్నాడు ముత్యాలప్ప. కొనడానికి వచ్చిన మామూలు మనిషిలా అడిగాడు. "ఇప్పుడేం చేయాల? మొత్తం ఆ ఖరీదు రకం వాడాల్నా?"

"అవసరం లేదు. గుజ్జు తగిలే లోపలి పొర, కలిపే రెక్కలు, దించే గొట్టం, ఇవి మూడు వందల పదహారు పెడదాం. బయటి పొర, కాళ్ళు మూడు వందల నాలుగు రకంతో సరిపోతాయి. వెల్డింగు గీతలు మాత్రం నున్నగా సాన పట్టాల. గుజ్జు ఇరుక్కునే సందు ఉండకూడదు. కొనేటప్పుడు షీటు ఏ రకమో రాసి మిల్లు ఇచ్చే కాగితం అడుగుదాం. అప్పుడు మీరూ నేనూ కండ్లు మూసుకుని నమ్మే పని ఉండదు."

ముత్యాలప్ప తల ఊపుతూ అన్నీ విన్నాడు. తెలియనివి మళ్ళీ అడిగాడు. పూర్ణిమ పక్కనే కూర్చుని నాయననే చూస్తోంది. ఆయన కుంగిపోతాడనీ, అరుస్తాడనీ, లేచిపోతాడనీ ఆమె అనుకుంది. ఆయన అవేవీ చేయలేదు. అడుగుతున్నాడు, వింటున్నాడు.

బయటికొచ్చాక రోడ్డు పక్క చెట్టు నీడన నిలబడ్డారు. ఆటోలు వస్తూ పోతూ ఉన్నాయి. ఆయన ఒక్కటీ ఆపలేదు.

"మచ్చలు ఎప్పుడు చూస్తివి పాపా?"

"బాన పెట్టిన కొన్నాళ్ళకే."

"నాకు ఫోన్ చేసి చెప్పేకి నోరు రాలేదా?"

"నువ్వు అంత సంతోషంగా ఇస్తివి గదా నాయనా. ఎట్ల చెప్పేది?"

"నిన్ను తెల్లారుజామున చేతులు పుండ్లు పడేట్ల తోముకోమని ఇచ్చినానా?" ఆయన ఆమె కుడిచెయ్యి తిప్పి చూశాడు. "నలుగురి ముందర నిన్ను బద్ధకస్తురాలంటి. నువ్వు నిలబడి వింటివి. నేను అంటాండేది అబద్ధమని నీకు తెలుసు. మీ అత్తకు తెలుసు. ఆ కొండమ్మకూ తెలుసు. నాకొక్కనికే తెలీదు. అంతమందిలో నన్ను ఎంత పిచ్చోన్ని చేస్తివో చూడు."

"నాయనా..."

"మీ అమ్మ ఉన్నప్పుడు, నేను తప్పు చేస్తే మొగం మీదే చెప్పేది. అరిచేటోన్ని. అన్నం తినేటోన్ని కాదు. తెల్లారితే ఆమె చెప్పిందే చేసేటోన్ని. ఆమె పోయినాక నాకెవురూ ఏం చెప్పరు పాపా. అందరూ 'సరేలే, ఆయనట్లే' అంటారు. నువ్వు గూడ అట్ల ఊకుంటే నేనింక ఎవరితో మాట్లాడాల?"

ఇన్ని రోజులూ రాని ఏడుపు ఆమెకు అప్పుడొచ్చింది. నాయన మనసు నొప్పించకూడదని దాచింది. దాచడమంటే ఆయన్ను ఒంటరివాణ్ణి చేయడమేనని తోచలేదు. రోడ్డు మీద పోయేవాళ్ళు చూస్తున్నా పట్టించుకోకుండా, ఆయన చెయ్యి పట్టుకుని చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఇంక చెప్తా నాయనా. నువ్వు అరిచినా చెప్తా."

"అరుస్తా. అరవకుండా ఉంటానా? అయినా చెప్పు," అన్నాడాయన, టవల్ కొసతో ఆమె కళ్ళు తుడుస్తూ.

స్టేషన్లో ఆయన హిందూపురానికే రెండు టికెట్లు తీశాడు. "అల్లునితో మాట్లాడాల. అంగడి ఒకపూట మూసుకుంటే ఏం కాదులే."

ఇల్లు చేరేసరికి భోజనాల వేళ దాటింది. మామగారు లోపలికి రావడం చూసి ప్రసాద్ గబుక్కున లేచాడు.

"మామా, ఆ రోజు నేను మాట తూలినా. పెద్దోళ్ళతో అట్ల..."

"నువ్వు చెప్పింది నిజమే అప్పా. చెప్పిన తీరు నాకు నచ్చలేదు, అంతే. అదీ నేను ముందు అరిచినందుకే," అన్నాడు ముత్యాలప్ప. రాజేశ్వరమ్మ వైపు తిరిగి చేతులు జోడించాడు. "అమ్మా, నా బిడ్డ చెయ్యి నువ్వు చూస్తివి. కన్నతండ్రిని, నేను చూడలా."

"ముందు కాళ్ళు కడుక్కోన్నా. ఆ పొద్దు అన్నం తినకుండా పోతివి. ఇంకా నాకు ముద్ద గొంతు దిగలేదు," అంటూ ఆమె కంచాలు పెట్టింది.

తిన్నాక మామా అల్లుళ్ళు నడవలో చాప మీద కూర్చున్నారు. లోపలి పొర మందం ఎంతుండాలి, గుజ్జు దించే గొట్టం అడుగున ఉండాలా పక్కన ఉండాలా అని మొదలైంది మాట. చూస్తుండగానే వాదన ముదిరింది. ముత్యాలప్ప గొంతు పెంచితే, ప్రసాద్ అంతకంటే పెంచాడు. ఇద్దరూ చేతులు తిప్పుకుంటూ గాల్లోనే బాన కట్టేస్తున్నారు.

"అడుగున పెడితే కడిగేది ఎట్లప్పా? నా బిడ్డ చెయ్యి దూరాల గదా!"

"చెయ్యి దూర్చే పనే లేకుండా ఊడదీసేట్ల పెడదాం మామా. ఆశీర్వాదాన్ని అడుగుదాం!"

గుమ్మం పక్కన గోడకు చేరబడి వింటున్న పూర్ణిమ ఇద్దరికీ ఏదో చెప్పాలనుకుంది. నోరు తెరిచేలోపే రెప్పలు బరువెక్కాయి. ఎండ తగ్గి వీధిలోంచి చల్లగాలి వస్తోంది. ఎవరో ఆమె తల కింద దిండు పెట్టారు. అత్తగారి చెయ్యిలా ఉంది. మాటలు ఒక్కసారిగా తగ్గు స్వరంలోకి దిగాయి.

"లేపద్దప్పా," అంటున్నాడు నాయన, దూరంగా ఎక్కడి నుంచో. "పండుకోనీ."